చెస్ కంప్యూటర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: అభిమానులు వాటి నుంచి ఏం కోరుకుంటారు?

ఫోన్‌లో ఉచితంగా దొరికే ప్రోగ్రామే ప్రపంచ ఛాంపియన్‌ని ఓడిస్తుంది కదా, ఇంకా విడిగా చెస్ కంప్యూటర్ ఎందుకు?

అందరూ ముందుగా అడిగేది ఇదే. స్టాక్‌ఫిష్ లాంటి ప్రోగ్రామ్ మామూలు ఫోన్‌లో నడిచినా ఏ మనిషికీ అందనంత బలంగా ఆడుతుంది. బలం ఒక్కటే కావాలంటే వేరే మెషిన్ అక్కర్లేదు, నిజమే. కానీ ఈ మెషిన్లను ఇష్టపడేవాళ్లు బలం కోసం వీటి దగ్గరికి రారు. ఎదురుగా ఒక బోర్డు, చేతికి బరువు తెలిసే పావులు, తమ స్థాయికి తగ్గట్టు ఆడే ప్రత్యర్థి, మధ్యలో మెసేజ్‌లు వచ్చి ధ్యాస చెదరగొట్టని ఒక గంట. వాళ్లకు కావలసింది ఇది. రోజంతా కంప్యూటర్ ముందు పనిచేసినవాళ్లకు సాయంత్రం మళ్లీ ఇంకో తెర ముందు కూర్చోవాలనిపించదు.

పోటీలు ఆడేవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. తెర మీద బోర్డును నిట్టనిలువుగా పైనుంచి చూస్తాం. టేబుల్ మీద బోర్డు ఏటవాలుగా కనిపిస్తుంది, ఎత్తైన పావుల వెనక చిన్నవి సగం దాక్కుంటాయి. తెర మీదే సాధన చేసి నేరుగా పోటీకి వెళ్లినవాళ్లు దూరంగా మూలనున్న శకటును చూడకుండా పావు పోగొట్టుకోవడం మామూలే. కంటికి అలవాటు పడాల్సింది నిజమైన బోర్డు.

చెస్ కంప్యూటర్ అని దేన్ని అంటారు?

చదరంగం ఆడటం కోసమే తయారైన, తనలోనే ప్రాసెసర్, ప్రోగ్రామ్ ఉన్న మెషిన్. స్విచ్ వేస్తే చాలు, ఆట మొదలవుతుంది. ఫోన్‌కి కలిపితే తప్ప పనిచేయని ఎలక్ట్రానిక్ బోర్డును చాలామంది ఇందులో చేర్చరు. నేనూ చేర్చను, ఎందుకో కింద చెప్తాను.

ఇవి ఎప్పటి నుంచి ఉన్నాయి?

చదరంగం ఆడే నిజమైన మొదటి యంత్రాన్ని స్పెయిన్ ఇంజనీరు లియోనార్డో టొరెస్ క్వెవెడో 1912లో తయారుచేశాడు. రాజు, ఏనుగు ఒక పక్క, ఒంటరి రాజు ఇంకో పక్క ఉన్న ఎండ్‌గేమ్ (కొన్ని పావులే మిగిలిన ఆట చివరి దశ) ఒక్కటే దానికి తెలుసు. కానీ లోపల మనిషి దాక్కుని ఆడించడం లాంటి మోసమేదీ లేదు, నిజంగానే ఆటకట్టు చేసేది.

ఇళ్లలోకి వచ్చిన మెషిన్ల కథ 1977లో మొదలవుతుంది. ఆ ఏడాది అమెరికాలో ఫిడెలిటీ కంపెనీ చెస్ ఛాలెంజర్‌ను అమ్మకానికి పెట్టింది. దానికి ఉన్నది ఒకే ఒక్క లెవెల్. ఎత్తులను కీలు నొక్కి చెప్పాలి, జవాబు ఎర్రటి అంకెల్లో వచ్చేది. మొదటి మోడల్‌లో గడుల పేర్లు కూడా తారుమారుగా, అక్షరాలు ఉండాల్సిన చోట అంకెలు, అంకెలు ఉండాల్సిన చోట అక్షరాలు ముద్రించారు. అయినా జనం ఎగబడి కొన్నారు. 1979కల్లా ఎత్తులను గొంతుతో చదివి చెప్పే వాయిస్ చెస్ ఛాలెంజర్ వచ్చేసింది.

ఆ తర్వాత పోటీ ముదిరింది. హాంకాంగ్ నుంచి నోవాగ్, సైసిస్ వచ్చాయి. సైసిస్ తర్వాత సైటెక్‌గా పేరు మార్చుకుంది. మ్యూనిక్ నుంచి హెగెనర్ ప్లస్ గ్లాజర్ కంపెనీ మెఫిస్టో పేరుతో మెషిన్లు తెచ్చింది. 1980లో లండన్‌లో మైక్రో కంప్యూటర్లకు మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టారు, దాన్ని ఫిడెలిటీ గెలిచింది. 1985 నుంచి మెఫిస్టో కాలం నడిచింది. వాళ్ల మెషిన్ల పేర్లు చూడండి: ఆమ్‌స్టర్‌డామ్, డల్లాస్, రోమా, అల్మేరియా, పోర్టోరోజ్, లియోన్, వాంకూవర్. ఇవన్నీ వరసగా 1985 నుంచి 1991 దాకా ఆ పోటీలు జరిగిన ఊళ్లు. ఈ వరసకంతటికీ ప్రోగ్రామ్ రాసినవాడు రిచర్డ్ లాంగ్ అనే ఒక్క మనిషి.

1990ల మధ్యకి ఇంటి కంప్యూటర్లు వీటిని బలంలో దాటిపోయాయి. 1994లో సైటెక్ మెఫిస్టోను కొనేసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు చవక ప్లాస్టిక్ మోడళ్లే ఎక్కువగా వచ్చాయి. 2015లో జర్మనీకి చెందిన మిలీనియం కంపెనీ రిచర్డ్ లాంగ్ ప్రోగ్రామ్‌తోనే చెస్ జీనియస్ తెచ్చాక ఈ రంగంలో మళ్లీ కదలిక వచ్చింది.

మరి అభిమానులు అన్నిటికంటే ముందు కోరేది ఏమిటి?

మనిషిలా ఓడిపోయే మెషిన్.

మెషిన్‌ను బలంగా ఆడించడం ఇప్పుడు ఎవరికైనా తేలిక. దాన్ని నమ్మదగిన విధంగా బలహీనంగా ఆడించడమే కష్టం. ఇది ఎలా చేస్తారన్న దాని మీదే మీ సాయంత్రం ఎలా గడుస్తుందన్నది ఆధారపడి ఉంటుంది.

ఒక పద్ధతిలో మెషిన్ కావాలనే తప్పు చేస్తుంది. స్టాక్‌ఫిష్‌లో ఉన్న స్కిల్ లెవెల్ ఇలాంటిదే. అది అనేక ఎత్తులను లెక్కవేసి, అప్పుడప్పుడు అందులో తక్కువ రకం ఎత్తును ఎంచుకుంటుంది. దీనివల్ల కింది లెవెల్స్‌లో ఆట వింతగా సాగుతుంది. పది ఎత్తుల పాటు గ్రాండ్‌మాస్టర్‌లా ఆడి, పదకొండో ఎత్తులో ఏ కారణం లేకుండా మంత్రిని అప్పగిస్తుంది. అలా గెలిచినప్పుడు గెలిచిన సంతోషం ఉండదు. అది మనం కట్టిన పన్నాగం వల్ల పడలేదు, పడమని చెప్తే పడింది.

రెండో పద్ధతి పాత మెషిన్లది. వాటి ప్రాసెసర్ నెమ్మది కాబట్టి కొన్ని ఎత్తుల దూరమే చూడగలవు. ఆ దూరం లోపల ఉన్నదాన్ని వదలవు, దాటిందంటే గుడ్డివే. ఓడిపోబోతున్న పావును చూసిన మెషిన్, ఆ నష్టాన్ని తన చూపుకి అవతలికి నెట్టేందుకు మధ్యలో బంట్లను ఒక్కొక్కటిగా బలిస్తుంది. దీన్ని హొరైజన్ ఎఫెక్ట్ అంటారు. ఇక్కడ తప్పుకి ఒక కారణం ఉంటుంది, ఆ కారణాన్ని మనం కనిపెట్టి వాడుకోవచ్చు. నిదానంగా ఒక బంటును ముందుకి నడిపించే పథకం వేస్తే అది చివరిదాకా గమనించదు. ఎండ్‌గేమ్‌లో ఈ బలహీనత మరీ స్పష్టంగా తెలుస్తుంది. కాబట్టి పాత మెషిన్‌ను గెలవడానికి ప్రయత్నించేవాళ్లకు ఎండ్‌గేమ్ దానంతట అదే బాగుపడుతుంది. అయితే ఇదీ అచ్చంగా మనిషి ఆట కాదు. మామూలు ఆటగాడు రెండెత్తుల ట్రిక్కును చూడకుండా పోతాడు, పాత మెషిన్ ఎప్పుడూ పోదు.

మూడోది కొత్తది. 2020లో వచ్చిన మాయా అనే ప్రోగ్రామ్‌ను లీచెస్ సైట్‌లో మనుషులు ఆడిన ఆటలతో తయారుచేశారు. 1100 నుంచి 1900 రేటింగ్ (ఆటగాడి బలాన్ని చూపే అంకె) దాకా తొమ్మిది రూపాలున్నాయి. ఆ స్థాయి మనిషి అక్కడ ఏ ఎత్తు వేస్తాడో అదే వేయడం దాని లక్ష్యం, తప్పులతో సహా. ఇలాంటిది మంచి చెక్క బోర్డులో, దేనికీ కలపకుండా పనిచేసేలా అమర్చి ఇవ్వాలన్నది చాలామంది కోరిక. నా వరకు ఈ జాబితాలో మొదటి కోరిక ఇదే.

లెవెల్స్ ఎన్ని ఉంటే మంచిది?

సంఖ్య కంటే వాటి మధ్య దూరం ముఖ్యం. పెట్టె మీద వంద లెవెల్స్ అని రాసి ఉన్నా, అందులో సగం ఎత్తుకి పట్టే సమయం మార్పులే అయ్యుంటాయి. ఒక లెవెల్‌లో వరసగా గెలుస్తూ, పై లెవెల్‌లో వరసగా ఓడిపోతుంటే ఆ మెషిన్ మీకు పనికిరాదు. మీ ఆటను చూసి తనంతట తానే స్థాయి సర్దుకునే మెషిన్లూ ఉన్నాయి, డీజీటీ కంపెనీ సెంటార్ అలాంటిదే. కొందరికి ఇది బాగా నచ్చుతుంది. ఇంకొందరికి మాత్రం ప్రత్యర్థి ఎంత బలవంతుడో తెలియకుండా గెలిస్తే తృప్తి ఉండదు. రెండూ ఉండి, ఎంచుకునే వీలు మన చేతిలో ఉండాలి.

సమయం విషయంలో అందరూ అడిగేది ఒకటుంది: మనం ఎంత సేపు ఆలోచించినా మెషిన్ మాత్రం చప్పున ఆడాలి. బలం తగ్గించడానికి, సమయం తగ్గించడానికి వేర్వేరు సెట్టింగ్‌లు ఉండాలి. పాతవాటిలో ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండేవి. బలంగా ఆడాలంటే ఎత్తుకి మూడు నిమిషాలు కాచుకోవాల్సిందే.

పాత మెషిన్లకి ఒక్కోదానికి ఒక్కో శైలి ఉందంటారు. నిజమా, ఊహా?

నిజమే. 1950లో క్లాడ్ షానన్ చదరంగం ప్రోగ్రామ్ గురించి రాసినప్పుడే రెండు దారులు చెప్పాడు: అన్ని ఎత్తులనూ ఒక లోతు దాకా చూడటం, లేదా బాగుంటాయనిపించిన కొన్నిటినే ఎక్కువ లోతుగా చూడటం. ప్రాసెసర్ బలం లేని రోజుల్లో ఏది చూడాలి, ఏది వదలాలి, దేనికి ఎంత విలువ ఇవ్వాలి అన్నది ప్రోగ్రామర్ తన అభిరుచితో తేల్చుకోవాల్సి వచ్చేది. ఆ అభిరుచి ఆటలో కనిపిస్తుంది.

1984 నాటి నోవాగ్ సూపర్ కాన్‌స్టెలేషన్‌ను తీసుకోండి. డేవిడ్ కిటింగర్ రాసిన ప్రోగ్రామ్ అది. దాడి అవకాశం కనిపిస్తే లెక్క పూర్తిగా తేలకపోయినా పావును బలిచ్చేస్తుంది. సరైన బలి కాకపోవచ్చు, ఎదుటి మనిషికి టెన్షన్ మాత్రం ఖాయం. రిచర్డ్ లాంగ్ మెషిన్లు దీనికి పూర్తిగా వేరు: తొందర లేదు, తప్పు లేదు, మీరు జారేదాకా నొక్కి పట్టుకుంటాయి. ఎడ్ ష్రోడర్ రాసిన మెఫిస్టో పోల్గార్ 1989లో వచ్చింది. సాదా 6502 ప్రాసెసర్‌తో అంత ఆట ఆడించడం ఇప్పటికీ ఆశ్చర్యమే. యోహాన్ డి కోనింగ్ రాసిన ది కింగ్ దూకుడు రకం. అది 1993లో టాస్క్ ఆర్30 మెషిన్‌లో వచ్చి తన కాలంలో అత్యంత బలమైన వాటిలో ఒకటిగా నిలిచింది. అదే ప్రోగ్రామ్ ఇప్పుడు మిలీనియం వాళ్ల కింగ్ పెర్ఫార్మెన్స్‌లో ఉంది. అందులో పావుల విలువలు, దాడికి ఇచ్చే ప్రాధాన్యం లాంటివి మనమే మార్చుకుని కొత్త ప్రత్యర్థిని తయారుచేసుకోవచ్చు.

ఈ రోజు అత్యంత బలమైన ప్రోగ్రామ్‌లన్నీ దాదాపు ఒకే ఎత్తు వైపు వస్తాయి. అందుకే వాటి మధ్య తేడా మామూలు ఆటగాడికి తెలియదు. అభిమానులు నలభై ఏళ్ల కిందటి మెషిన్లను ఇంకా వెతికి కొనడానికి ముఖ్యమైన కారణం ఇదే అని నా నమ్మకం.

బోర్డుల్లో ఎన్ని రకాలున్నాయి? ఏది మంచిది?

చవక రకంలో పావును గడి మీద పెట్టి కొద్దిగా నొక్కాలి. గడి కింద రెండు పలుచని పొరలుంటాయి, నొక్కినప్పుడు అవి తగిలి మెషిన్‌కి తెలుస్తుంది. దీంతో ఆడొచ్చు గానీ, ప్రతి ఎత్తుకీ రెండుసార్లు నొక్కడం, నొక్కింది సరిపోక మళ్లీ నొక్కడం ఆట మీద ధ్యాసను తినేస్తుంది. త్వరగా ఆడే ఆటలకు ఇది అస్సలు పనికిరాదు.

రెండో రకంలో పావుల అడుగున అయస్కాంతం ఉంటుంది, గడి కింద రీడ్ స్విచ్. రీడ్ స్విచ్ అంటే చిన్న గాజు గొట్టంలో రెండు లోహపు రేకులు. అయస్కాంతం దగ్గరికొస్తే అవి కలుస్తాయి. మామూలుగా పావు తీసి పెట్టినట్టే ఆడొచ్చు, నొక్కనక్కర్లేదు. పాత మెఫిస్టో చెక్క బోర్డులు ఇలాంటివే. ఇప్పటికీ ఎంతో హాయిగా ఉంటాయి. లోపం ఒక్కటే: ఆ గడిలో ఏదో పావు ఉందని తెలుస్తుంది గానీ, ఏ పావో తెలియదు. అందుకే బంటు చివరి వరసకు చేరితే ఏ పావు కావాలో కీ నొక్కి చెప్పాలి. మధ్యలో చెయ్యి తగిలి పావులు పడితే, వాటిని ఎలా ఉన్నవి అలా పేర్చడం మీ జ్ఞాపకం మీదే.

మూడోది పావును గుర్తుపట్టే బోర్డు. పావుల అడుగున సన్నటి తీగ చుట్ట ఉంటుంది, ఒక్కో రకం పావుకి ఒక్కో ఫ్రీక్వెన్సీ. డీజీటీ టోర్నమెంట్ బోర్డులు ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి. పోటీల్లో ఆటలు నేరుగా ఇంటర్నెట్‌లో కనిపించేది వీటివల్లే.

పావులను గుర్తుపట్టే బోర్డు తప్పనిసరా?

ఆట మొదటి నుంచి చివరిదాకా మామూలుగా ఆడేవాళ్లకి అక్కర్లేదు. పుస్తకంలోని స్థితులను పేర్చి మెషిన్‌తో ఆడాలనుకునేవాళ్లకి మాత్రం దీని విలువ చాలా ఎక్కువ. మామూలు బోర్డులో ఇరవై పావుల స్థితిని పేర్చాలంటే ఒక్కో పావుకీ కీ నొక్కి గడి చూపాలి. గుర్తుపట్టే బోర్డులో పావులు పెడితే చాలు. నేనైతే ఎండ్‌గేమ్ సాధన చేసేవాళ్లకి ఖర్చైనా దీన్నే తీసుకోమంటాను.

పావులను తనంతట తానే కదిపే బోర్డులు ఎలా ఉంటాయి?

చూడటానికి అద్భుతం. నోవాగ్ 1982లోనే రోబో చేయితో పావు తీసి పెట్టే మెషిన్ చేసింది. 1983లో మిల్టన్ బ్రాడ్లీ బోర్డు కింద అయస్కాంతం నడిపించే మెషిన్ తెచ్చింది. 1988లో వచ్చిన ఫిడెలిటీ ఫాంటమ్‌ది కూడా అదే పద్ధతి. ఈ మధ్య మళ్లీ అలాంటివి వస్తున్నాయి.

కానీ గుర్రం కదలాలంటే మధ్యలోని పావుల సందులోంచి జారాలి, చచ్చిన పావును పక్కకి తీసుకెళ్లాలి. దీనికి సమయం పడుతుంది, మోటార్ చప్పుడు ఉంటుంది. కదిలే భాగాలు ఎన్ని ఎక్కువుంటే అంత త్వరగా రిపేరు వస్తుంది. చెయ్యి కదపలేనివాళ్లకి, చూపు సరిగా లేనివాళ్లకి ఇవి నిజంగా పెద్ద సాయం. మిగిలినవాళ్లు కొనేముందు ఒక పూర్తి ఆట ఆడి చూడటం మంచిది.

లైట్లు, తెర, శబ్దం విషయంలో ఏం చూడాలి?

మెషిన్ తన ఎత్తును ఎలా చూపిస్తుందన్నది రోజూ అనుభవంలోకి వచ్చే విషయం. బోర్డు అంచుల్లో మాత్రమే లైట్లుంటే, అడ్డు వరస, నిలువు వరస చూసి గడిని మనమే కలుపుకోవాలి. గడి గడికీ లైటుంటే చూడగానే తెలుస్తుంది. మిలీనియం ఎక్స్‌క్లూజివ్ బోర్డులో గడుల మూలల్లో మొత్తం 81 లైట్లుంటాయి, ఒక గడి చుట్టూ నాలుగు వెలుగుతాయి. సెంటార్‌లో గడి కింద గుండ్రంగా వెలుగు వస్తుంది, తెర ఈ-పేపర్. కంటికి శ్రమ లేదు.

శబ్దం పూర్తిగా ఆపేసే వీలుండాలి. ఇంట్లో అందరూ పడుకున్నాక ఆడేవాళ్లే ఎక్కువ.

మెషిన్ యాప్‌తో, ఇంటర్నెట్‌తో కలవాలా?

కలిస్తే మంచిదే, కలవకపోయినా పూర్తిగా పనిచేయాలి. ఈ రెండో భాగం మీద అభిమానులు ఎందుకింత పట్టుబడతారో చెప్తాను. 1985 నాటి మెషిన్ ఈ రోజు స్విచ్ వేస్తే ఆడుతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎక్కడా లాగిన్ అవసరం లేదు. యాప్ ఉంటేనే ఆడే బోర్డు, ఆ కంపెనీ యాప్‌ను ఆపేసిన రోజున, లేదా ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ మారి యాప్ తెరుచుకోని రోజున ఉత్త చెక్కగా మిగులుతుంది. ఎంతో డబ్బు పెట్టి కొన్నది మన అల్మారాలో ఉండి కూడా మనది కాకుండా పోవడం న్యాయం కాదు.

కలిసే వీలు ఉంటే మాత్రం ఏం కావాలో స్పష్టం: ఆడిన ఆటను పీజీఎన్ ఫైల్‌గా (ఆటలోని ఎత్తులను రాసి ఉంచే ఫైల్) బయటికి తీసుకోగలగాలి, బోర్డు మాట్లాడే పద్ధతిని కంపెనీ బయటపెట్టాలి. అలా బయటపెట్టినప్పుడు అభిమానులే ఎంతో చేస్తారు. 2016లో వచ్చిన ‘డీజీటీ పై’ అనే చెస్ గడియారంలో ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్ ఉంది, దాన్ని నడిపేది పికోచెస్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. అందులో కొత్త ఇంజిన్లను (చదరంగం ఆడే ప్రోగ్రామ్‌లను), పాత మెషిన్ల ఎమ్యులేషన్లను (వాటిని ఉన్నదున్నట్టు అనుకరించే ప్రోగ్రామ్‌లను) చేర్చింది అభిమానులే. సెంటార్ లోపల కూడా రాస్ప్‌బెర్రీ పై జీరో ఉందని తెలిశాక, దానికీ సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు.

పెట్టె మీద రాసిన రేటింగ్‌ను నమ్మొచ్చా?

నమ్మకండి. అమ్మకం కోసం రాసిన అంకె అది. దానికంటే స్వీడన్‌లోని చెస్ కంప్యూటర్ సంఘం ఎస్‌ఎస్‌డీఎఫ్ 1980ల నుంచి నడిపిన జాబితా మేలు. వాళ్లు మెషిన్లను ఒకదానితో ఒకటి 40 ఎత్తులకి రెండు గంటల లెక్కన ఆడించి లెక్కలు కట్టారు. అక్కడ కూడా ఒక విషయం గుర్తుంచుకోవాలి: మెషిన్లు మెషిన్లతో ఆడిన ఫలితాలవి. మనుషుల రేటింగ్‌లతో పోలిస్తే అంకెలు ఎక్కువగా వస్తున్నాయని 2000లో జాబితా మొత్తాన్ని 100 పాయింట్లు తగ్గించారు. కాబట్టి ఏ మెషిన్ ఏ మెషిన్ కంటే బలమైనది అని తెలుసుకోవడానికి వాడండి, మీ రేటింగ్ కొలవడానికి వద్దు.

పాతది కొనాలా, కొత్తదా?

మొదటి మెషిన్ అయితే కొత్తది. రిపేర్ల బెంగ లేకుండా ఆట మీద దృష్టి పెట్టొచ్చు. ఈ మెషిన్ల మీద ఇష్టం ఖాయమయ్యాక పాతది వెతకండి. మొదట్లోనే అరుదైన మోడల్ కోసం ఎగబడటం కంటే 1990ల నాటి మధ్యరకం మెషిన్, ఉదాహరణకి మెఫిస్టో మిలానో లాంటిది, ఎక్కువ ఆనందం ఇస్తుంది. మనలో చాలామందికి అదే గట్టి ప్రత్యర్థి.

పాత మెషిన్ కొనేటప్పుడు ఏమేం చూసుకోవాలి?

ముందు బ్యాటరీ గది మూత తీసి చూడండి. ఏళ్ల తరబడి లోపలే వదిలేసిన బ్యాటరీలు కారిపోయి తెల్లని, పచ్చని పొడి కడతాయి. పొడి స్ప్రింగుల దగ్గరే ఆగితే కంగారు లేదు. ఆల్కలైన్ బ్యాటరీ కారింది క్షారం కాబట్టి, దూదికి కొద్దిగా వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తే చాలాసార్లు పనిచేస్తుంది. సర్క్యూట్ బోర్డు దాకా పాకి రాగి గీతలను తినేసి ఉంటే మాత్రం, రిపేరు తెలిసినవాళ్లు కానివాళ్లు వదిలేయడం మంచిది.

తర్వాత 64 గడులూ పనిచేస్తున్నాయో లేదో చూడాలి. అమ్మేవాళ్లు సాధారణంగా స్విచ్ వేసి లైట్లు వెలిగాయని చూపిస్తారు, అది చాలదు. ఒక గుర్రాన్నో, మంత్రినో అన్ని గడుల మీదికీ తిప్పి చూడమనండి. కొన్ని మెషిన్లలో ఇందుకు సెల్ఫ్ టెస్ట్ కూడా ఉంటుంది. ఒక్క గడి చచ్చినా ఆట నడవదు. రీడ్ స్విచ్ అయితే మార్చొచ్చు, నొక్కే రకంలో పొర పాడైతే కష్టం.

తెర మీద అన్ని గీతలూ కనిపిస్తున్నాయా, కీలు ఒకసారి నొక్కితే ఒకసారే పలుకుతున్నాయా చూడండి. పావులు 32 ఉన్నాయా లెక్కపెట్టండి. అయస్కాంతం ఉన్న పావు పోతే మరో సెట్‌కి చిన్న అయస్కాంతాలు అంటించుకోవచ్చు. కాకపోతే మరీ బలమైనవి పెడితే పక్క గడి కూడా స్పందిస్తుంది.

అడాప్టర్ పోయింది. ఏదో ఒకటి పెట్టొచ్చా?

వద్దు. పాత మెషిన్లు పాడవడానికి ఇది చాలా పెద్ద కారణం. పిన్ను సరిపోయినంత మాత్రాన అడాప్టర్ సరిపోయినట్టు కాదు. కొన్నిటికి మధ్య పిన్ను ప్లస్, కొన్నిటికి మైనస్. కొన్ని మెషిన్లు కచ్చితమైన వోల్టేజీ అడుగుతాయి, కొన్ని డీసీగా మార్చకుండా ఏసీనే ఇచ్చే అడాప్టర్‌తోనే పనిచేస్తాయి. మెషిన్ అడుగున, మాన్యువల్‌లో రాసి ఉన్న వోల్టేజీ, పోలారిటీ చూసి, మల్టీమీటర్‌తో కొలిచి, అప్పుడు పెట్టండి. కరెంటు ఎంత ఇవ్వగలదన్న అంకె ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువుండకూడదు. అనుమానం ఉంటే బ్యాటరీలతో ఆడండి, ఆట అయ్యాక తీసేయండి.

అరుదైన మెషిన్లు దొరకవు, దొరికినా కొనలేను. వేరే దారి ఉందా?

ఎమ్యులేటర్లు ఉన్నాయి. మేమ్ అనే ప్రోగ్రామ్ పాత చెస్ కంప్యూటర్లను వందల సంఖ్యలో కంప్యూటర్ మీద నడిపిస్తుంది. లైట్లు, కీలు, అప్పటి వేగం అన్నీ ఉన్నదున్నట్టు. చెక్క బోర్డు మీదే కావాలంటే నెదర్లాండ్స్‌లో రూడ్ మార్టిన్ తయారుచేసిన రెవెలేషన్ లాంటివి ఉన్నాయి, పాత మెఫిస్టోలను అందులో నడపొచ్చు. ఇది అసలుకి సరితూగదని కొందరంటారు. నేను ఒప్పుకోను. చిప్పులు ఒక్కొక్కటిగా చచ్చిపోతున్నాయి, ఆ ప్రోగ్రామ్‌లు బతికి ఉండటానికి ఎమ్యులేషన్ కంటే గట్టి దారి లేదు.

ఆట నేర్చుకునే పిల్లలకు చెస్ కంప్యూటర్ మంచిదేనా?

మంచిదే, పక్కన ఒక మనిషి కూడా ఉంటే. నియమం తప్పిన ఎత్తు వేస్తే మెషిన్ ఒప్పుకోదు, విసుక్కోదు, ఎన్నిసార్లు అడిగినా ఆడుతుంది. ఎత్తు వెనక్కి తీసుకోవడం, సలహా అడగడం తేలిగ్గా ఉండేది ఎంచుకోండి. అన్నిటికంటే కింది లెవెల్‌లో పిల్లవాడు నిజంగా గెలవగలడా అన్నది ముందు మీరు ఆడి చూడండి. చాలా మెషిన్లు ఇక్కడే తప్పుతాయి. వాటి మొదటి లెవెల్ కూడా కొత్తగా నేర్చుకునేవాళ్లను చితక్కొడుతుంది.

ఆట అయ్యాక విశ్లేషణ కూడా మెషిన్‌తోనే చేసుకోవాలా?

పాత మెషిన్ తాను ఆలోచిస్తున్న ఎత్తుల వరసను, స్థితి విలువను తెర మీద చూపిస్తే అది చదవడం ఎంతో ఆసక్తిగా ఉంటుంది. అది ఎక్కడ తప్పు అంచనా వేసిందో తెలుస్తుంది. కానీ మీ తప్పులు తెలుసుకోవడానికి ఆటను స్టాక్‌ఫిష్‌లో పెట్టండి. ఆడటానికి ఒకటి, సరిచూసుకోవడానికి ఇంకొకటి.

రెండు మెషిన్లను ఒకదానితో ఒకటి ఆడించాలంటే ఎలా?

ఈ అభిరుచిలో ఎందరికో ఇష్టమైన పని ఇది. రెండిటినీ పక్కపక్కన పెట్టి, ఒకదాని ఎత్తును రెండోదాంట్లో మీరే వేయాలి. రెండిటికీ ఒకే సమయం ఇవ్వండి. ఎత్తుకి సగటున 30 సెకన్లు మొదలుపెట్టడానికి బాగుంటుంది, సాయంత్రంలో ఒక ఆట అయిపోతుంది. ప్రత్యర్థి సమయంలో కూడా ఆలోచించే సెట్టింగ్ రెండిటిలోనూ ఉంటే రెండిటికీ పెట్టండి, ఒకదానికే ఉంటే దాన్ని ఆపేయండి. ఓపెనింగ్ బుక్ (మెషిన్‌లో ముందే దాచి ఉంచిన మొదటి ఎత్తుల జాబితా) చిన్నదైతే ఒకే ఆట మళ్లీ మళ్లీ రావచ్చు, అప్పుడు మొదటి నాలుగైదు ఎత్తులు మీరే వేసి వదలండి, రంగులు మార్చి అదే స్థితిని ఇంకోసారి ఆడించండి. ప్రతి ఎత్తునూ కాగితం మీద రాసుకోండి. రెండు బోర్డుల మీద స్థితి ఒకేలా ఉందో లేదో పది ఎత్తులకోసారి సరిచూడండి, ముఖ్యంగా కాస్లింగ్ అయ్యాక, ఎన్ పాసాంట్ (రెండు గడులు దూకిన బంటును పక్కనున్న బంటు చంపే ప్రత్యేక ఎత్తు) తర్వాత.